ఉదాహరణకు మా యారాలు

పరువు పోగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. కొందరు పెళ్ళి పందిట్లో జారిపడతారు. కొందరు మైకు ఆపేశారనుకుని మనసులో మాట అనేస్తారు. నేను మాత్రం నా పరువును అకారాది క్రమంలో, అర్థాలతో, ఉదాహరణ వాక్యాలతో సహా తీశాను. దాన్ని చదవడానికి ఇప్పటికీ ఎవరూ పైసా కట్టక్కర్లేదు, పాస్‌వర్డ్ అడిగే దిక్కు లేదు. చెరిపేద్దామంటే నా వల్ల కాదు, ఆ సైటు పెట్టినవాళ్ళ వల్ల కూడా కాదట. ఇంతకన్నా పెద్ద ప్రమాదం మీ ఇంట్లో జరిగి ఉంటే చెప్పండి, నేను ఇక్కడే ఆపేస్తాను.

చెప్పేవాళ్ళు లేరు కాబట్టి వినండి. నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడూ ఇప్పుడూ నేను పీర్జాదిగూడలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. మా ఇల్లు నాచారం పాత ఊళ్ళో. మా మామగారి కాలంలో వీళ్ళకు వ్యవసాయం ఉండేది. ఆ పొలాల్లో ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లు మొలిచాయి, ఇల్లు ఒక్కటే మిగిలి రెండంతస్తులైంది. కింద మా ఆయనా, నేనూ, మా అత్తమ్మ సత్తెమ్మ. పైన మా మరిది, అతని భార్య హారిక. అంటే నాకు తోడికోడలు. మా దగ్గర ఆ మాట వాడరు, యారాలు అంటారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, పని పడుతుంది.

హారిక ఫిజిక్సు. హబ్సిగూడ వైపు ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. అమ్మాయి మంచిది, నాకు వచ్చిన కష్టమే అది. చెడ్డదైతే హాయిగా తిట్టుకుని నిద్రపోయేదాన్ని. మంచిదాని మీద కుళ్ళుకోవాలంటే ఎంత శ్రమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. నేను ఆ శ్రమ రోజూ పడేదాన్ని, ఆదివారాలు కూడా సెలవు పెట్టకుండా.

ఒక రోజు సాయంత్రం గ్రీన్ టీ కప్పుతో మెట్లు దిగి వచ్చింది.

"అక్కా, మొన్న చెప్పిన పేపర్ ఎక్కించిన."

"అచ్చయిందా?"

"ఇంక లే. అచ్చయ్యేటాలకు ఆర్నెల్లు పడ్తది. మేం ముందుగాల్నే ఓపెన్ సైట్ల పెడ్తం. ఎవ్వరన్న చదివి తప్పులు చెప్తరు."

"తప్పులుంటయని తెలిసి సుత పెడ్తవా?"

"తెల్సుకునుడు కోసమే పెడ్తం కద అక్కా."

మా తెలుగు శాఖలో ఆచారం వేరు. వ్యాసం అచ్చయ్యేదాకా బీరువాలో చీరల కింద దాచాలి. పక్క కుర్చీవాళ్ళకు శీర్షిక కూడా చెప్పకూడదు, చెబితే దిష్టి తగులుతుంది, లేదా వాళ్ళ పేరుతో వచ్చే నెలే అచ్చవుతుంది. అచ్చయ్యాక కూడా ఊరికే ఇవ్వకూడదు. కావలసినవాళ్ళు వచ్చి అడగాలి, మనం కొంచెం బెట్టు చేయాలి, అప్పుడు గాని దానికి విలువ ఉండదు. ఇదీ నేను నేర్చుకున్న విద్య.

పక్కన చిక్కుళ్ళు వలుస్తున్న అత్తమ్మ చెవి ఇటే ఉంది. "ఓపెన్ అంటే ఏంది బిడ్డా?" అని హారికను అడిగింది.

"దర్వాజ తీసి పెట్టుడు అత్తమ్మా. ఎవ్వరన్న లోపలికొచ్చి చదువుకోవచ్చు. పైసలు గియిసలు ఏం లేవు."

"గదేనా? ఎన్కట మన ఇండ్లన్నీ గట్లనే ఉంటుండె," అంది అత్తమ్మ.

వారం తిరక్కుండా బ్రెజిల్ నుంచి ఎవరో ప్రొఫెసరు హారికకు మెయిలు రాశాడు. మూడో పేజీలో లెక్క తప్పిందని. నాకైతే ఆ రాత్రికి అన్నం సహించేది కాదు. హారిక మాత్రం గంతులేసింది, అత్తమ్మ అంతకన్నా పైకి గంతేసింది. మర్నాడు కిరాణా కొట్టులో, పాలబూతు దగ్గర, గల్లీ మొత్తంలో ఒకటే చాటింపు.

"మా చిన్నకోడలు జేసిన తప్పు బ్రెజిల్ల దొరికిందట! గంత దూరం పోయింది సూడు!"

అప్పటికి నావి ఆరు వ్యాసాలు అచ్చయ్యాయి. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. ఉంటే దొరికేదే, ఎవరైనా చదివితే. వాటిని అచ్చేసిన పత్రిక సైటుకు తాళం, చందా కట్టినవాళ్ళకే లోపలికి దారి. ఒకసారి నా వ్యాసం నేనే చూసుకుందామని వెళ్తే మొదటి పేరా చూపించి, మిగతాదానికి డబ్బు కట్టమంది. నేను రాసిన మిగతా పేరాలు నాకు బాగా గుర్తున్నాయి కాబట్టి కట్టలేదు.

చందా కట్టడానికి నాకు లేని ఓపిక, హారికను చూసి కుళ్ళుకోవడానికి మాత్రం బోలెడంత ఉండేది. పైగా నా దగ్గర ఆమె దగ్గర లేని ఆస్తి ఒకటి ఉంది. అత్తమ్మ మాటలు. ఆదివారం మధ్యాహ్నాలు వాకిట్లో కూరగాయలు ముందేసుకుని ఆమె పాత మాటలు చెప్పేది, నేను నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. నారు పోసే తుకం, కూలి పని కైకిలి, గోలెం, అర్ర. ఊరు నగరమైపోయాక ఎవరూ పలకని మాటలు. ఆ గంట పూర్తిగా నాది. పై అంతస్తుకు అందులో వాటా లేదు.

ఆ మాటలతో ఒక పదకోశం తయారు చేస్తున్నాను. ప్రతి మాటకూ అర్థం ఇవ్వాలి, వాడుక తెలిసేలా ఒక ఉదాహరణ వాక్యం ఇవ్వాలి. బ్రెజిల్ మెయిలు తర్వాత వచ్చిన ఆదివారం నాడు నేను ఉదాహరణలు టైపు చేయడానికి కూర్చున్నాను. పైన హారిక నవ్వు వినబడుతోంది. అత్తమ్మ కూడా ఆ నవ్వుకే పైకి వెళ్ళింది, నన్నూ చిక్కుళ్ళనూ వదిలేసి. వేళ్ళు వాటంతటవే కదిలాయి. అంత ధారగా నేను జన్మలో రాయలేదు. ఎలాగూ తర్వాత మార్చేస్తాం కదా, ప్రస్తుతానికి ఖాళీ నింపుదాం అనుకున్నాను. రెండు వారాల తర్వాత బుద్ధిగా మార్చాను కూడా. మొదటి ఫైలు పేరు "సత్తెమ్మ మాటలు ఫైనల్". మార్చినదాని పేరు "సత్తెమ్మ మాటలు అసలు ఫైనల్". ఇక్కడికి మీకు కథ అర్థమైపోయింది. నాకు అర్థం కావడానికి ఇంకా నెల పట్టింది.

ఇంతలో కాలేజీలో స్టాఫ్ మీటింగు. ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు.

"నెలాఖరుకల్లా అందరు ఒక్క పేపరన్న ఓపెన్ యాక్సెస్‌ల పెట్టాలె. పైనుంచి అడుగుతున్నరు."

కెమిస్ట్రీ మేడం లేచింది. "సార్, మా జర్నల్స్‌ల దర్వాజ తెరవాలంటే రాసినోళ్ళ దగ్గరనే ఫీజు గుంజుతరు. రాసేది మేము, తెరిచినందుకు కట్టేది సుత మేమేనా?"

హిస్టరీ సారు లేవకుండానే అన్నాడు. "మాకు పుస్తకం ఉంటేనే లెక్క. చేతుల పట్టుకుంటే బరువుండాలె. ఫోన్ల కనపడేది చరిత్ర ఎట్లైతది?"

కామర్స్ సారు చాలా ప్రశాంతంగా ఉన్నాడు. "నా దగ్గర పేపరే లేదు సార్. తెరుసుడేంది, మూసుడేంది?"

అప్పుడు నేను లేచాను. "సాహిత్యం సంతలో పోసిన కూరగాయ కాదు సార్," అని మొదలుపెట్టి, విద్య అడిగినవారికే ఇవ్వాలనీ, బార్లా తెరిచిన ఇంట్లో సరస్వతి నిలవదనీ పది నిమిషాలు మాట్లాడాను. హిస్టరీ సారు చప్పట్లు కొట్టాడు. ప్రిన్సిపాల్ గారు ఓపికగా విన్నారు.

"మీ ఇష్టం మేడం. గని ఎంతమంది చదివిన్రో పక్కన అంకె సుత కనపడ్తది, మంచిగుంటదనుకున్న."

"అంకె కనపడ్తదా? ఏ సైటు సార్?" అన్నాను, ఇంకా కూర్చోకుండానే.

నన్ను తప్పు పట్టకండి. హారిక పేపరు పక్కన అంకె నాకు తెలుసు. రెండు వందల పన్నెండు. రోజూ వాళ్ళ సైటు తెరిచి చూసేదాన్ని. ఆ రెండు వందల పన్నెండులో ముప్ఫై దాకా నేనే అయి ఉంటాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ కూడా అదే పాట ఎత్తుకుంది. "నా మాటలన్నీ రాసుకున్నవ్. యాడ వెట్టినవ్? చిన్నదాని పేపరు లోకమంత సూస్తున్నరు. నా మాటలు బీరువల వడి మూల్గుతున్నయా?"

"రేపే పెడ్త అత్తమ్మా."

మెట్ల మీద నుంచి హారిక తొంగి చూసింది. "అక్కా, ఎక్కించే ముందు నాకొకపారి పంపు. చూస్త. మొదటిసారి కద, ఏమన్న తప్పులుంటే..."

"నాకు తెల్సులే," అన్నాను. తెలుగు పదకోశంలో తప్పులు పట్టడానికి ఫిజిక్సు కావాలా? ఆ ఒక్క మాట మింగి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

మర్నాడు హారిక వాడే సైటులోనే ఖాతా తెరిచాను. అన్ని సబ్జెక్టులవాళ్ళకూ అందులో చోటుంది. ఫారం నింపాను. ఫైలు ఎంచుకోమంది. జాబితాలో ముందు కనిపించింది ఎంచుకున్నాను. చివర్లో ఏదో నాలుగు వరుసలు, పక్కన ఒక గడి. టిక్కు పెట్టాను. ప్రశ్న చదవకుండా జవాబు రాయొద్దని పద్ధెనిమిదేళ్ళుగా పిల్లల్ని తిడుతున్న మనిషిని నేను. ఆ లింకును కాలేజీ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, పాత విద్యార్థుల గ్రూపులో, అపార్ట్‌మెంట్లలో ఉండే స్నేహితురాళ్ళ గ్రూపుల్లో స్వహస్తాలతో పంచాను.

మొదటి రోజు అంకె మూడు. రెండో రోజు నలభై. వారం తిరిగేసరికి రెండు వందలు. నేను పేజీ తెరవడం, అంకె చూడడం, మూసేయడం. లోపల ఫైలు తెరిచి చూడాలన్న ఆలోచన రాలేదు. రాసినదాన్ని కదా, ఏముందో నాకు తెలియదా?

స్టాఫ్ రూములో నా హోదా మారిపోయింది. తెలుగు అక్షరం చూస్తే దారి మార్చుకునే కామర్స్ సారు ఎదురొచ్చాడు. "మేడం, మీ కోశంల ఎచ్చులు మాట మస్తుంది. మా ఆవిడకు సుత చదివి వినిపించిన."

"థాంక్స్ సార్."

"మా ఇంట్ల గదే పరిస్థితి," అని కళ్ళు తుడుచుకున్నాడు. భాషాభిమానం అనుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు పిలిపించి మరీ అన్నారు. "మీ రచనల జీవితం ఉంది మేడం. జర జాగ్రత్త." ఆ జాగ్రత్త ఎందుకో అడగలేదు. పొగడ్త అందిన చెవికి మిగతాది వినబడదు కదా.

అంకె మూడు వందలు దాటిన రోజు నేను బాదుషాలు తెచ్చాను. భోజనాల దగ్గర హారిక ప్లేటులో ఒకటి వేస్తూ, "నీది రెండు వందల చిల్లరే కద?" అన్నాను. ఎంత చిల్లరగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

"మస్తు సంతోషం అక్కా. నేనింక చదవనే లేదు, పని తెగలే. ఆదివారం చదువుత."

ఆదివారం అత్తమ్మ వాకిట్లో చాపలు పరిచింది. పక్కింటి యాదమ్మతో కలిపి గల్లీలోని ముసలమ్మలు నలుగురు వచ్చారు. వాళ్ళు కూడా ఒకప్పుడు అదే పొలాల్లో నాట్లు వేసినవాళ్ళు. మన మాటలు పుస్తకమైనయని అత్తమ్మ పిలుచుకొచ్చింది. నేను కళ్ళజోడు తుడుచుకుని సిద్ధమయ్యాను.

"నువ్వు రాసి నువ్వే సదివితే ఏం మజా?" అంది అత్తమ్మ. "చిన్నది సదువుతది. నువ్వు జర చాయ వెట్టుకురాపో."

నేను లోపలికి వెళ్ళాను. హారిక ఫోను తీసి, తన సెమినారు గొంతుతో మొదలుపెట్టింది.

"అర్ర. గది అని అర్థం. ఉదాహరణ: అర్రల వడ్లు పోసిన్రు."

"అవ్‌, అవ్‌," అన్నారు ముసలమ్మలు.

"ఇగురం. పని నేర్పు అని అర్థం. ఉదాహరణ: మా యారాలికి సుక్కలు ఎట్ల పుట్టినయో ఎర్క గని, పప్పుల పోపు వెట్టే ఇగురం తెల్వది."

వంటింట్లో చాయ వడగడుతున్న నాకు అక్కడిదాకా వినబడింది. అది అసలు ఫైనల్‌లో లేదు. అందులో ఇగురానికి వరికోత ఉదాహరణ ఉంది. మరి ఇదెక్కడిది? ఉత్త ఫైనల్‌లోది, నేను ఎక్కించింది దాన్నే.

హారిక చదువుతూ పోయింది.

"ఎచ్చులు. గొప్పలు పోవడం. ఉదాహరణ: మా యారాలి ఎచ్చులు మెట్ల మీదికెల్లి కిందికి కారుతున్నయ్."

యాదమ్మ పైట నోట్లో కుక్కుకుంది. నేను పళ్ళెంతో బయటికి ఉరికాను.

"హారికా, ఇగ సాలు. ఫోన్ల ఛార్జింగ్ అయిపోతది."

"ఎనభై ఉంది అక్కా," అంది, తలెత్తకుండా. "గోలెం. పెద్ద నీళ్ళ తొట్టి. ఉదాహరణ: అలిగితే మా యారాలి మొఖం గోలెం లెక్కయితది."

"ఓ సత్తెమ్మా, గది నిజమే," అంది ఒక ముసలమ్మ, హారిక ముఖం కేసి పరీక్షగా చూస్తూ.

"నకరాలు. వేషాలు. ఉదాహరణ: గ్రీన్ టీ తాగంగనే సైంటిస్టులైతరా? ఉత్త నకరాలు."

నేను పళ్ళెం చాప మీద పెట్టి తలుపు దగ్గరికి వెనక్కి తగ్గాను. భూమి చీలితే బాగుండును గానీ, మా గల్లీలో కింద అంతా సిమెంటు. తర్వాత వచ్చేది ఏ మాటో నాకు తెలుసు. దాన్ని ఎవరూ వినకూడదు. అన్నిటికన్నా అదే నిజం కాబట్టి.

"బుగులు. భయం, దిగులు. ఉదాహరణ..." హారిక ఫోను కళ్ళ దగ్గరికి జరుపుకుంది. "అత్తమ్మకు చిన్నకోడలే ఎక్కువైతదేమోనని నాకు బుగులు."

యాదమ్మ నోట్లోంచి పైట తీసేసింది. చాయ మీద మీగడ కట్టింది.

"మల్ల సదువు," అంది అత్తమ్మ. హారిక మళ్ళీ చదివింది. ఈసారి సెమినారు గొంతు కాదు.

"యారాలు," అని ముందుకు వెళ్ళింది. "తోడికోడలు. ఉదాహరణ: తర్వాత రాయాలి." అన్ని మాటలకూ తనే ఉదాహరణ అయిపోయాక, ఆ మాటకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదన్నమాట.

అత్తమ్మ నన్ను రమ్మని చేయి ఊపింది. వెళ్ళి చాప అంచున కూర్చున్నాను. అన్నీ విన్న మనిషి ఏం తీర్పు ఇస్తుందోనని చూశాను.

"మాటలు మంచిగ వాడినవ్ బిడ్డా. ఒక్కటి సుత తప్పు వోలే." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "బుగులు సుత మాట సరిగ్గనే వాడినవ్. గని ఆ బుగులే నీకు అక్కెర లేకుండె."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే హారిక కోసం చూస్తే చాప మీద లేదు, మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెనకే పరిగెత్తాను.

"హారికా, తప్పయింది. తీసేద్దాం. ఇప్పుడే తీసేయి."

"తీసుడు రాదు అక్కా. ఎక్కిస్తే తీసుడు ఉండదని ఆఖరుకు రాసుంటది, టిక్కు పెట్టినవ్ కద. వెర్షన్ టూ పెట్టొచ్చు. వెర్షన్ వన్ సుత పక్కనే ఉంటది, ఎప్పటికి."

"ఎప్పటికా? గిదేం పద్ధతే? మీ ఫిజిక్సోళ్ళకు సిగ్గుండదా?"

"తప్పులు దాచుకుంటే నాకు బ్రెజిల్ సారు ఎట్ల దొరుకుతుండె?" అంది. తర్వాత కిటికీ కేసి తిరిగింది. "ఆదివారం ఆదివారం నువ్వు, అత్తమ్మ వాకిట్ల కూసుంటరు. నేను గీడికెల్లి చూస్త. బ్రెజిలాయన నా పేపర్ చదివిండు గని, అత్తమ్మ నాకు ఒక్క మాట సుత చెప్పలే. నాకెంత మండుతుండెనో నీకు తెల్సా?"

ఇలాంటి చోట కళ్ళు చెమర్చాలని నాకు తెలుసు. కానీ నిజం చెబుతున్నాను, నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే కుళ్ళుకుంటున్నాననుకున్నాను. పై అంతస్తు నుంచి కూడా నా మీద మంట సరఫరా అవుతోందని తెలిశాక, కడుపు చల్లబడింది.

"నిజంగ మండిందా?" అని ఇంకోసారి చెప్పించుకున్నాను.

"మస్తు," అంది హారిక. ఇద్దరం ఒకేసారి నవ్వాం.

అప్పటికప్పుడు వెర్షన్ టూ తయారు చేశాం. వరికోతలు, వానమబ్బులు, అసలు ఫైనల్‌లోని బుద్ధిమంతుల వాక్యాలన్నీ పెట్టాం. యారాలు దగ్గర ఖాళీ కనిపిస్తే హారిక లాప్‌టాప్ లాక్కుని తనే టైపు చేసింది: "అత్తమ్మ మాటలన్నీ నా యారాలికే చెప్పిందని నా కండ్లు మండినయ్." తెలుగు టీచరుగా ఆ వాక్యాన్ని మూడుసార్లు పరిశీలించాను. దిద్దడానికి ఏమీ లేదు. ఆ పై ఆదివారం నుంచి వాకిట్లో చిక్కుళ్ళు ముగ్గురం వలుస్తున్నాం. హారిక అడిగే సందేహాలు మరీ ఎక్కువ, నా గంట తినేస్తోంది, అది వేరే సంగతి.

వెర్షన్ టూను ఈ రోజు వరకు చదివినవారు నలుగురు. వారిలో ఇద్దరు నేనూ హారికా. వెర్షన్ వన్ రెండు వేలు దాటి ఇంకా పరుగెడుతోంది. హారిక అంకె దానికి ఆమడ దూరంలో ఉంది. గెలిచానని ఎవరికి చెప్పుకోను?

చెప్పుకోకపోయినా తెలిసింది. అన్నోజిగూడ నుంచి మా ఆడబిడ్డ ఫోను చేసింది, గొంతు నిండా నిష్ఠూరం.

"వదినా, మొత్తం సదివిన. యారాలికేమో గన్ని మాటలు. ఒక్కగానొక్క ఆడబిడ్డను, నా మీద ఒక్క ముక్క సుత లేదేంది? నేనంత పనికిరానిదాన్నా?"

అందుకని, ఇందుమూలంగా, మా వాకిలి చాప సాక్షిగా, గల్లీ ముసలమ్మలు నలుగురి సమక్షంలో, ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ పదకోశంలోనూ, ఏ మాటకూ, ఏ వెర్షన్‌లోనూ మా యారాలిని ఉదాహరణగా వాడను. టిక్కు పెట్టే ముందు నాలుగు వరుసలూ చదువుతాను. ఫైలుకు ఫైనల్ అని పేరు పెట్టను.

ఆడబిడ్డ సంగతి ఈ ప్రతిజ్ఞ పరిధిలోకి రాదు. ఆమె స్వయంగా అడిగింది.